అర అంగుళం తక్కువ

"ముందుగాల నన్ను కొయ్యుండ్రి. గా తర్వాత మీ చెక్కలు కొయ్యుండ్రి!"

కౌసల్యమ్మ కొత్త మిషన్ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. బల్ల మధ్యలోంచి పైకి తేలిన రంపపు పళ్లు ఆమె మోకాలికి జానెడు దూరంలో మెరుస్తున్నాయి. స్విచ్చి మీద ఎవరి చెయ్యీ పడకుండా చిన్నకొడుకు కొండల్ గోడకు వీపు ఆనించి అడ్డంగా నిలబడ్డాడు.

"దిగమ్మా. కరెంటు ఉన్నప్పుడే మన పని. పోయిందంటే మల్ల సాయంత్రం దాంక రాదు."

"రాకుంటే రాకపాయె. మీ అన్న షీట్లు కోస్తనని మాటియ్యి, దిగుత."

"నన్నెందుకు అడుగుతవ్?" కొండల్ గొంతు తగ్గించాడు. "ఆమెనడుగు."

ఆమె, అంటే అతని భార్య అఖిల, షెడ్డు మూలన చెక్కపొట్టు ఊడుస్తోంది. తల ఎత్తలేదు. చీపురు మాత్రం కాస్త గట్టిగా నేలను గీకింది.

శంషాబాద్‌లో బెంగుళూరు రోడ్డు పక్కన ఆ రేకుల షెడ్డు వేసి ఏడాది కూడా కాలేదు. రాణిగంజ్ నుంచి ఈ కోత మిషన్, టేబుల్ సా, దిగిన రోజున ఊళ్లో సగం మంది చూడటానికి వచ్చారు. ఇద్దరు మగవాళ్లు చేతిరంపంతో చెమటలు కక్కుతూ కోసే ప్లైవుడ్ షీటును అది దోసకాయ తరిగినట్టు తరిగేసింది. కొండల్ ఇళ్లకు వెళ్లి కబోర్డులు బిగిస్తాడు. మిషన్ మీద కోత అఖిలది. "ఆడిది రంపం పట్టుడేంది" అని నవ్వినవాళ్లే ఇప్పుడు "కోత అఖిలమ్మదేనా?" అని అడిగి మరీ పని ఇస్తున్నారు.

కొండల్ అన్న కుర్మయ్య దుకాణం రోడ్డుకు అవతలి పక్కనే. ఒకప్పుడు అన్నదమ్ములిద్దరిదీ. తండ్రి శివయ్య పోయాక కూడా కలిసే ఉన్నారు. టేకు పలకల గొడవే వాళ్లను రోడ్డుకు చెరో పక్కకు నెట్టింది.

"అఖిలా, జర నా దిక్కు చూడు," కౌసల్యమ్మ గొంతు మెత్తబడింది. "తొండుపల్లి టీచరమ్మ ఇంటి పని వానిది. చేతితోని కోస్తే అంచులు చిట్లుతున్నయని ఆయమ్మ అన్ని వాపస్ చేసింది. మిషన్ కోత అయితేనే పెట్టుకుంట అన్నదట. వానికి భుజం పట్టేసింది. పనోళ్లు ఇడిసిపెట్టి పోయిండ్రు. గీ ఒక్క పని పోతే దుకాణం మూసుకునుడే."

"మూసుకోమను."

"ఏమన్నవే?"

"మూసుకోమన్న అత్తమ్మా. చెవులు మంచిగనే ఉన్నయి గద నీకు."

"అఖిలా..." అన్నాడు కొండల్.

"నువ్వు ఊకో." అఖిల చీపురు పడేసింది. "బావ నా బియ్యం డబ్బ వాకిట్ల గుమ్మరిచ్చిన దినం ఊకున్నవ్ గద. ఇయ్యాల గూడ ఊకో."

రోడ్డు మీద ఏదో లారీ సాగదీసి హారన్ కొట్టుకుంటూ పోయింది.

శివయ్య దాచిపెట్టిన రెండు టేకు పలకలు కనబడలేదని ఆ రోజు కుర్మయ్య నేరుగా తమ్ముడి గదిలోకి వచ్చాడు. పరుపులు తిరగేశాడు. ట్రంకుపెట్టె తెరిచి ఆమె చీరలు ఒక్కొక్కటే దులిపి చూశాడు. పలకలు చీర మడతల్లో దాగవని అతనికి తెలియక కాదు. వాడకట్టంతా చూస్తుండగా బియ్యం డబ్బా వాకిట్లో బోర్లించి, "తల్లిగారింటికి సాగనంపినట్టుంది" అన్నాడు. నాకేం తెల్వదు, దేవుని తోడు అని అఖిల గొంతు పోయేదాకా ఏడ్చింది. కోళ్లు వచ్చి బియ్యం తిన్నాయి. ఎవరూ అదిలించలేదు.

పలకలు ఆరాంఘర్‌లో ఒక సామిల్లులో దొరికాయి. చీల్పించడానికి కుర్మయ్యే పంపి, మరిచిపోయాడు. ఇంట్లో అందరికీ తెలిసింది. ఆ మాట అతను అఖిలతో అనలేదు. వాడకట్టులో అసలే అనలేదు. ఈనాటికీ బోరింగు దగ్గర ఆడవాళ్లు ఆమెను చూసి తమ బిందెలు దగ్గరికి జరుపుకుంటారు.

"కోస్త," అంది అఖిల. "ఎందుకు కొయ్య? గాయన్ను రమ్మను. నా బియ్యం పారబోసిన వాకిట్ల నిలవడి, గా వాడకట్టు మందే చూస్తుంటే, తప్పు నాది, అఖిల దొంగ కాదు అనమను. గంతే. షీట్లన్ని ఒక్క పూటల కోసిస్త."

కౌసల్యమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పెద్దోడే! మగోడే! నలుగురు చూస్తుండంగ నీ అసొంటి పిల్ల ముంగట తల వంచుతడా? వాడు సచ్చినా గా మాట అనడు."

సచ్చినా అనడు. ఎండుమిరప గింజ పంటి కింద నలిగినట్టు అఖిల లోపల ఎక్కడో మంట మొదలైంది. ఏడాదిగా ఎదురుచూసింది ఈ మాట వినడానికా? కోపం వస్తుందనుకుంది. రాలేదు. దాని బదులు తల చల్లగా, తేటగా అయిపోయింది. మిషన్ వైపు చూసింది. అత్త కూర్చున్న బల్లను, రంపాన్ని, దాని పక్కనున్న గైడును చూసింది.

"సరే అత్తమ్మా. తెచ్చుకోమను. కోస్త."

తల్లీకొడుకులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కౌసల్యమ్మ బల్ల దిగి కోడలి గడ్డం పట్టుకుంది. "నా తల్లే! నీ కడుపు సల్లగుండ."

"సల్లబడుతదిలే అత్తమ్మా," అంది అఖిల.

మధ్యాహ్నం అన్నం దగ్గర కొండల్ చాలాసేపు కంచం వైపే చూస్తూ తిన్నాడు. "నిజంగనే కోస్తవా?" అన్నాడు చివరికి.

"కోస్తనన్న గద."

"మనసుల ఏం పెట్టుకోలే గద?"

పచ్చిపులుసు గరిటె అతని కంచం మీద ఒక క్షణం ఆగింది. "ఏం పెట్టుకుంట? నీ అన్ననాయె."

అతను తేలికపడి నవ్వాడు. "రేపు నేను తుక్కుగూడల బిగించేది ఉంది. నువ్వు, అన్ననే చూసుకోవాలె."

"చూసుకుంటం," అంది అఖిల.

మర్నాడు కుర్మయ్య ట్రాలీ ఆటోలో షీట్లు వేసుకుని వచ్చాడు. ఆ షెడ్డులో అతను అడుగుపెట్టడం అదే మొదలు. మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. మెచ్చుకోలేదు. "మా బాపు ఉంటే గీ దయ్యాన్ని ముట్టనియ్యకపోవు," అన్నాడు, ఎవరితోనూ కానట్టు.

"కొలతలు?" అంది అఖిల.

"తలకాయల ఉన్నయ్. నేను చెప్తుంట, కొయ్యి."

పేరు పెట్టి పిలవలేదు. కళ్లలోకి చూడలేదు. ఆమె షెడ్డులో, ఆమె మిషన్ ముందు, ఆమె సాయం కోసం వచ్చి కూడా అదే బింకం. నిన్న అత్త మాటకు మొదలైన మంట ఇంకాస్త ఎగిసింది.

"నేను ఇవతలి నుంచి నెడుత. అవతల నువ్వు పట్టుకోవాలె. కింద పడితే మూలలు చిట్లుతయి."

"నాకు నేర్పకు."

రంపం పక్కన ఉండే ఇనప పట్టీయే గైడు. దాన్ని రంపానికి ఎంత దూరంలో బిగిస్తే పలక అంత వెడల్పే తెగుతుంది. సరిగ్గా బిగిస్తే ఎన్ని పలకలు కోసినా వెంట్రుకవాసి తేడా రాదు. తప్పుగా బిగిస్తే అన్నీ అదే తప్పు. ఆ అంకెలు అఖిల నిలబడే వైపే ఉంటాయి. అవతలి మనిషికి కనబడవు.

"ఇరవై రెండున్నర," అన్నాడు కుర్మయ్య.

అఖిల గైడు జరిపింది. ఇరవై రెండు దగ్గర ఆపింది. మర బిగించి స్విచ్చి వేసింది.

మిషన్ గొంతెత్తింది. చెక్కపొట్టు మొహాన కొట్టింది. మొదటి పలక తెగి అవతల కుర్మయ్య చేతుల్లోకి జారింది. అతను దాన్ని నిలువుగా ఎత్తి అంచు మీద బొటనవేలు పెట్టి రాశాడు.

"కోత నున్నగ ఉంది," అని దాన్ని పక్కన పెట్టాడు. "కానియ్యి."

కానిచ్చింది. పద్దెనిమిది అంటే పదిహేడున్నర. ముప్పై అంటే ఇరవై తొమ్మిదిన్నర. అతను ఏ కొలత చెప్పినా అర అంగుళం మింగేసింది. పలక ఎక్కువైతే చిత్రిక పట్టి సరిచేయొచ్చు. తక్కువైతే ఏ వడ్రంగి వచ్చినా అతికించలేడు. అవతల పలకలు దొంతరగా పెరుగుతుంటే ఆమెకు ఒక్కొక్క పలకకూ దులిపి పారేసిన ఒక్కొక్క చీర గుర్తొచ్చింది. పెళ్లినాటి పసుపు చీర. నాయిన తెచ్చిన నారాయణపేట చీర. అన్నీ కోసింది.

పని అయ్యాక కుర్మయ్య తువ్వాలు దులుపుకుని ఆటో ఎక్కాడు. మంచిదమ్మా అని కూడా అనలేదు. అనకపోవడమే నయమనిపించింది ఆమెకు.

ఆదివారం బిగింపు. అన్నదమ్ములు మళ్లీ ఒక చోట పని చేస్తున్నారని కౌసల్యమ్మ పెట్టెలోంచి కొత్తచీర తీసి కట్టుకుని, ఆటోలో పలకల పక్కనే కూర్చుని బయల్దేరింది. కొండల్ స్కూటర్ తీశాడు. "నువ్వెందుకు?" అన్నాడు, వెనక సీటు ఎక్కుతున్న అఖిలను చూసి.

"చూడాల్నని ఉంది," అంది.

తొండుపల్లి పక్కన కొత్తగా ప్లాట్లు చేసిన కాలనీలో ఆ టీచరమ్మ జ్ఞానప్రసూనాంబగారిది మొదటి వరసలో ఇల్లు. గుంటూరు నుంచి వచ్చి హైదరాబాద్‌లో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. గృహప్రవేశం ముంచుకొస్తోంది. హాల్లో రంగులవాళ్లు నిచ్చెనల మీద ఉన్నారు. పక్క ప్లాటులో ఇల్లు కట్టుకుంటున్న దంపతులు కబోర్డుల పని ఎలా ఉందో చూద్దామని వచ్చి నిలబడ్డారు.

వంటింట్లో గ్రానైటు బల్ల అప్పటికే పరిచి ఉంది. దాని కింద మేస్త్రీ కట్టిన అరల్లో చెక్కలు కూర్చుని, ముందు తలుపులు రావాలి. కొండల్ హుషారుగా రెండు తలుపులు తీసుకుని అరకు ఆనించి పట్టుకున్నాడు.

రెంటి నడుమ వేలు దూరేంత సందు.

ఇంకో జత పెట్టాడు. అదే సందు. అడుగు పలక లోపలికి తోస్తే గోడను అందుకోక గడగడలాడింది.

"అన్నా, ఇదేంది?"

కుర్మయ్య పలకలు దించుతున్నవాడు దించుతూనే ఉన్నాడు. జ్ఞానప్రసూనాంబగారు కళ్లద్దాలు సవరించుకుంటూ వచ్చారు.

"ఏమిటా మొహాలు? ఏమయింది?" తలుపుల నడుమ సందు చూసి ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. "కుర్మయ్యగారూ, మీరు నాతో ఏమన్నారు? మా తమ్ముడి మిషన్ మీద కోయిస్తున్నానండీ, వెంట్రుకవాసి తేడా రాదు అన్నారా లేదా? ఆ మాట నమ్మి ఈ వరసలో ఇళ్లన్నిటికీ ఆ మిషన్ పేరే చెప్పాను. వీళ్లను చూడండి, అది చూద్దామనే వచ్చారు."

కుర్మయ్య ఈ పని అతని పేరునే చేస్తున్నాడనుకుంది అఖిల. కోత తమ మిషన్‌దని పేరు పెట్టి చెప్పి ఉంటాడని తోచలేదు.

"మిషన్ తప్పు కోయదమ్మా," కొండల్ మొహం ఎర్రబడింది. "మా ఆమె చెయ్యి అస్సలే తప్పదు. ఎంత చెప్తే గంతే కోస్తది." అన్న వైపు తిరిగాడు. "కొలతలు చెప్పింది నువ్వే గద. ఎంత చెప్పినవ్?"

రంగులవాళ్ల బ్రష్షులు ఆగాయి. పక్క ప్లాటు దంపతులు వంటింటి గడప దాకా జరిగారు.

ఈ క్షణం కోసమే అఖిల వచ్చింది. ఇప్పుడు అతను అరవాలి. నేను సరిగనే చెప్పిన, దేవుని తోడు అనాలి. ఎవరూ నమ్మకూడదు. గొంతు పోయేదాకా అరిచినా నమ్మకూడదు.

కుర్మయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఇరవై రెండు అనే చెప్పినట్టున్న తమ్మీ. యాదికి లేదు. తప్పు నాదే."

"పెద్దవారని గౌరవించాను," జ్ఞానప్రసూనాంబగారి గొంతులో పాత హెడ్‌మిస్ట్రెస్ లేచింది. "ఒకసారి అంచులు పాడుచేశారు, ఊరుకున్నాను. ఇప్పుడు కొలతలే తప్పు. ఇక మీరు ఈ పని ముట్టుకోనక్కర్లేదు. ఈ కాలనీలో ఎవరూ మీకు పని ఇవ్వకుండా నేను చూసుకుంటాను."

"ఇజ్జత్ తీసినవ్ అన్నా," అన్నాడు కొండల్. "నీది పోతే పోయె. నా మిషన్ ఇజ్జత్ గూడ తీసినవ్."

కుర్మయ్య తల వంచుకుని నిలబడ్డాడు. సచ్చినా వంగదన్న తల.

వంగింది గాని, అఖిల ముందు కాదు. తప్పు నాదే అన్న మాట అన్నాడు గాని, చేయని తప్పుకు అన్నాడు. చేసిన తప్పుకు అనలేదు. ఏడాది పాటు ఆమె ఆకలిగా ఎదురుచూసిన మాటను ఎవరెవరికో పంచిపెట్టి, ఆమెకు మాత్రం లేదనిపించాడు. ఇది కూడా దోచుకున్నాడు!

"ఆపుండ్రి," అంది అఖిల.

అందరూ తిరిగి చూశారు.

"ఇరవై రెండున్నర అనే చెప్పిండు. తక్కువ కోసింది నేను. చెయ్యి తప్పి కాదు, కావాల్నని కోసిన."

కొండల్ ఏదో నవ్వబోయి ఆగిపోయాడు. "ఏం మాట్లాడుతున్నవే?"

"ఉన్న మాట. ఒక్క పలక గాదు, అన్నిట్ల అర అంగుళం." ఆమె కుర్మయ్య ముందుకు వచ్చి నిలబడింది. "నాకు నీ దానం వద్దు బావా. దొంగ కానోళ్లను దొంగ అంటే ఎట్లుంటదో నీకు తెల్వాల్నని కోసిన. నువ్వు ఒర్రాలె. ఏడ్వాలె. నువ్వేంది, ఒప్పుకుంటవ్?"

"తెల్సు," అన్నాడు కుర్మయ్య.

"ఏం తెల్సు?"

"మొదటి పలక చేతుల పడ్డప్పుడే తెల్సింది. చిన్నప్పటి సంది చెక్క పట్టిన చేతులు. అర అంగుళం తెల్వదా?"

కొండల్ అన్న భుజం పట్టి కుదిపాడు. "తెల్సి గూడ కోపిచ్చినవా? తెల్సి గూడ ఈడ దాంక మోసుకొచ్చినవా?"

కుర్మయ్య తమ్ముడి వైపు చూడలేదు. మొట్టమొదటిసారి అఖిల కళ్లలోకి చూశాడు. "పలకలు దొరికినంక నేను ఊకున్న గద. గీమె గూడ నా లెక్కనే ఊకుంటదా, చూద్దామనుకున్న."

గోడకు చేర్చిన తలుపు ఒకటి జారి దబ్బున పడింది. ఎవరూ లేవనెత్తలేదు.

"చూసినవ్ గద," అంది అఖిల. "నేను ఊకోలే. నువ్వు అనాల్సిన మాట ఇంకోటి ఉన్నది. ఈడ గాదు, నా వాకిట్ల. అంటవా?"

అతను తువ్వాలు భుజం మార్చుకున్నాడు.

కొండల్ భార్యను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "పచ్చిపులుసు పోసుకుంట, నీ అన్ననాయె అన్నవ్," అన్నాడు మెల్లగా. "నన్ను పక్కన కూసొవెట్టుకొని అబద్ధం ఆడినవ్. ఇగ నువ్వు మిషన్ కాడికి రాకు."

"వస్త. ఎవరు ఆపుతరో చూస్త."

కొండల్ విసురుగా గడప దాటాడు. బయట స్కూటర్ ఒక తన్నుకు స్టార్టు కాలేదు. రెండో తన్నుకు అయింది. చప్పుడు శంషాబాద్ వైపు దూరమైంది.

"మీ ఇంటి గొడవలు నాకు అక్కర్లేదు," అన్నారు జ్ఞానప్రసూనాంబగారు. ఆవిడ గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. "ఆ సందులు ఎవరు పూడుస్తారో చెప్పండి. లేదంటే వేరేవాళ్లను పిలుచుకుంటాను."

"నేనే. కొత్త షీట్లు తెచ్చి నేనే కోస్త. కొలతలు గూడ నేనే తీస్త." అఖిల కొండల్ వదిలేసి పోయిన సంచిలోంచి టేపు తీసింది.

అర పొడవాటిది. అవతలి గోడ దగ్గర ఒకరు కొస పట్టాలి. కుర్మయ్య రెండడుగులు వేసి చెయ్యి చాపాడు.

"నువ్వు ముట్టకు."

అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది. అఖిల గడప వైపు తిరిగింది. కౌసల్యమ్మ కొత్తచీర కుచ్చిళ్లు ఒళ్లోకి లాక్కుని అక్కడే చతికిలబడి ఉంది. పొద్దుటి నుంచి నవ్వుతూ ఉన్న ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అత్తమ్మా, నువ్వు రా. గీ కొస పట్టు."

కౌసల్యమ్మ చిన్నకొడుకు పోయిన రోడ్డు వైపు చూసింది. గాలిలో చెయ్యి చాపి నిలబడిపోయిన పెద్దకొడుకును చూసింది. కోడలి చేతిలో టేపును చూసింది.

"నిన్నే అత్తమ్మా. ఆ దినం గూడ నువ్వు గిట్లనే చూసుకుంట కూసున్నవ్. ఇయ్యాలన్న లెవ్వు."

కౌసల్యమ్మ లేవలేదు.